కండ కన్నా ముందే తగ్గే సత్తువ

డెబ్బై దాటిన మనిషి కుర్చీలోంచి లేవడానికి చేతుల ఊతం వెతుక్కుంటే, కండ కరిగిపోయిందని మనం సరిపెట్టుకుంటాం. అది సగం నిజమే. వృద్ధులను ఏళ్ల తరబడి పరిశీలించిన అధ్యయనాల్లో, కండ తగ్గే వేగాన్ని మించి బలం తగ్గుతున్నట్లు తేలింది. అంటే మిగిలిన కండ కూడా మునుపటిలా పనిచేయడం లేదు. ఈ క్షీణతకు 1989లో అమెరికా వైద్య పరిశోధకుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ సార్కోపీనియా అని పేరు పెట్టినప్పుడు దృష్టంతా కండ పరిమాణం మీదే ఉండేది. ఐరోపా నిపుణుల బృందం 2018లో నిర్వచనాన్ని సవరించి బలానికే తొలి స్థానమిచ్చింది. ఆలస్యమైనా సరైన మార్పే.

కారణంలో పెద్ద భాగం కండలో కాక వెన్నుపాములో ఉంది. అక్కడి నుంచి బయల్దేరే ఒక్కో చాలక నాడీకణం కాలి కండరాల్లో వందలాది తంతువులను నడిపిస్తుంది. అరవై దాటాక ఈ కణాల సంఖ్య తగ్గడం ఊపందుకుంటుంది. దిక్కులేకుండా పోయిన తంతువుల్లో కొన్నిటిని పక్క నాడీకణాలు కొత్త శాఖలు వేసి దత్తత తీసుకుంటాయి. మిగిలినవి క్షీణించిపోగా, కండరంలో కొవ్వు, పీచు కణజాలం పేరుకుంటాయి. ఎక్కువగా దెబ్బతినేవి వేగంగా సంకోచించే తంతువులే కాబట్టి, రోజూ పార్కులో నింపాదిగా నాలుగు చుట్లు తిరిగే పెద్దాయన కూడా స్నానాలగదిలో కాలు జారిన క్షణంలో నిలదొక్కుకోలేకపోవచ్చు. నడక ఒక్కటే చాలన్న సలహా నాకు అసంపూర్ణంగా తోచేది ఇందుకే.

హార్మోన్లు తగ్గడం, కంటికి కనిపించని చిన్నపాటి వాపు (ఇన్‌ఫ్లమేషన్) శరీరంలో ఎప్పుడూ ఉండటం, కండను మరమ్మతు చేసే శాటిలైట్ కణాలు మందగించడం కూడా తోడవుతాయి. వీటికన్నా మన వంటింటికి దగ్గరి కారణం మరొకటుంది. తిన్న ప్రొటీన్‌ను కండగా మార్చుకునే చురుకుదనం వయసుతో తగ్గుతుంది. యువకుడికి ఒక పూటకు కిలో బరువుకు పావు గ్రాము సరిపోయేచోట, వృద్ధుడికి 0.4 గ్రాములు కావాలని ఒక అంచనా. అరవై కిలోల మనిషికి అది 24 గ్రాములు. రాత్రికి రెండు ఇడ్లీలో, కాస్త మజ్జిగన్నమో చాలనుకునే ఇళ్లలో ఆ లెక్క దరిదాపులకైనా చేరదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు సిఫారసు చేస్తోంది. వృద్ధులకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి సూచించింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ని అడగకుండా పెంచకూడదు.

అయితే తిండి ఒక్కటే పని చేయదు. సగటున 87 ఏళ్లున్న వందమంది వృద్ధాశ్రమవాసులపై 1994లో వెలువడిన అమెరికా పరిశోధనలో, బరువులతో వ్యాయామం చేసినవారికే బలం పెరిగింది. పోషక పానీయం మాత్రమే తాగినవారికి పెరగలేదు. అంతకుముందు 1990లో అదే పరిశోధకులు తొంభై ఏళ్లవారితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించగా, పూర్తిచేసిన తొమ్మిదిమందిలో బలం సగటున 174 శాతం పెరిగింది. కండను పెంచే మందులూ ప్రయోగాల్లో ఉన్నాయి గానీ, పెరిగిన కండ నడకలోనూ లేవడంలోనూ అదే స్థాయిలో కనిపించకపోవడం వాటి చిక్కు. నాడుల పాత్ర తెలిసినవారికి ఇది వింత కాదు.

మరి మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? పెద్దవాళ్ల చేతిలోని బిందె లాక్కుని కూర్చోబెట్టడాన్ని గౌరవంగా భావిస్తాం, జ్వరమొస్తే వారం రోజులు మంచం దిగనివ్వం. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పదిరోజులు మంచాన ఉంచి చూసిన 2007 నాటి అధ్యయనంలో, కాళ్ల నుంచే దాదాపు కిలో కండ పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో మాత్రల పేర్లతోపాటు ఫిజియోథెరపిస్టు సూచించిన వ్యాయామాలూ ఉండాలి. పరీక్షకు యంత్రాలేవీ అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే సార్కోపీనియా ఉందేమోనని అనుమానించాలని ఆసియా నిపుణుల బృందం 2019లోనే చెప్పింది.