‘390 దండగ, నేరుగా 600 కొనెయ్యండి’ అన్న మెసేజ్‌కు జవాబు

స్పోర్ట్స్ బైకుల మీద ఈ మెసేజ్ ఒడిశాలో మన రాయగడ గ్రూపులో వచ్చింది. జయపురం గ్రూపులో వచ్చింది. బరంపురం వాళ్ళు ముగ్గురు విడివిడిగా పంపారు. నిన్న దామంజోడి నుంచి ఒక తమ్ముడు అదే మెసేజ్ పెట్టి, “అన్నయ్యా, ఇది చదివాక 390 బుకింగ్ కేన్సిల్ చేద్దామనుకుంటున్నాను, ఏమంటారు?” అని అడిగాడు. ఇంక ఊరుకుంటే తప్పు నాదే అవుతుంది.

మెసేజ్ చూడనివాళ్ళకు సారాంశం: కేటీఎం ఆర్‌సీ 390, ఏప్రిలియా ఆర్‌ఎస్ 457 లాంటి మధ్యరకం స్పోర్ట్స్ బళ్ళ మీద డబ్బు పెట్టడం దండగట. ఆరు నెలల్లో మొహం మొత్తుతాయట. పెద్ద బండి బరువు కాబట్టి ఘాట్లో నిలకడగా ఉంటుందట. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ ఉన్నాయి కాబట్టి కొత్తవాడికైనా భయం లేదు, రేజు (యాక్సిలరేటరు) మన చేతిలోనే ఉంది కదా అంటున్నారు. 350 సీసీ దాటాక పన్ను, ఇన్సూరెన్సు అన్నిటికీ ఒకటేనట. సర్వీసు ఖర్చు ఇంచుమించు సమానమట. వైజాగులో కొని ఆంధ్రా నంబరుతోనే ఇక్కడ తిప్పుకోవచ్చట. హైవే మీద చిన్న ఇంజను వణుకుతుంది, పెద్దది వణకదట. ఆఖరున సౌండు గురించి ఒక లైను.

అసలు ‘600’ అంటే ఏ బండి? పైన పెట్టిన ఫోటో నింజా జడ్‌ఎక్స్-6ఆర్‌ది. కింద రాసిన మైలేజీ, సీటు కబుర్లు నింజా 650వి. రెండూ కవాసాకివే, రెండూ ఆకుపచ్చే, చుట్టరికం అంతటితో సరి. 650కి రెండు సిలిండర్లు, 68 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవరు), 64 ఎన్‌ఎం టార్కు (తిప్పే బలం) 6,700 ఆర్‌పీఎం దగ్గరే దొరుకుతుంది. 6ఆర్‌కి 636 సీసీలో నాలుగు సిలిండర్లు, దాదాపు 129 పీఎస్. టార్కు చూస్తే 69 ఎన్‌ఎం, అంటే 650 కంటే పెద్ద తేడా ఏమీ లేదు. కానీ ఆ 69 వచ్చేది దాదాపు 11,000 ఆర్‌పీఎం దగ్గర.

సుంకి దగ్గర బోర్డరు దాటి పొట్టంగి వైపు ఎక్కేటప్పుడు మలుపుల్లో స్పీడు 30, 40 మధ్య ఉంటుంది. 6ఆర్ మొదటి గేరులోనే 100 దాటి వెళ్తుంది. అంటే ఆ ఘాటంతా మొదటి గేరులోనే, నాలుగైదు వేల ఆర్‌పీఎం దగ్గర, ఇంజను మూలుగుతూ ఎక్కాలి. దానికి ప్రాణం లేచేది ఎనిమిది తొమ్మిది వేలు దాటాక. ఆర్‌సీ 390కి ఒకే సిలిండరు, 43.5 పీఎస్, 37 ఎన్‌ఎం 7,000 దగ్గర. అదే మలుపులో రెండో గేరులో ఉండి, బయటికి రాగానే రేజు చివరిదాకా తిప్పొచ్చు. మొహం మొత్తుతుందన్న పాయింటుకు నా జవాబు ఇంతే. ఇంజనులో ఉన్నదంతా వాడుకోగలిగిన బండి మీద మొహం మొత్తదు.

బరువు, నిలకడ. నాలుగు లైన్ల రోడ్డు మీద పక్కగాలి కొట్టినప్పుడు బరువు పనికొస్తుంది, నిజమే. ఘాట్లో ఆ బరువును వంచాలి, ఆపాలి, నిలబెట్టాలి. 390 సుమారు 172 కిలోలు, 6ఆర్ 198. లారీ వెనక ఎత్తు మలుపులో ఆగినప్పుడు, కాలు పెట్టేచోట గులక ఉంటే, ఆ 26 కిలోల తేడా ఏమిటో తెలుస్తుంది. నిలబడ్డ బండే పక్కకు ఒరుగుతుంది. క్లచ్ లివరు, ఫుట్‌రెస్టు, ఫెయిరింగు (పక్క ప్లాస్టిక్ కవరు) ఒకేసారి పోతాయి. లివరు క్లాంపు బోల్టును మరీ బిగించకుండా, చేత్తో గట్టిగా నెడితే తిరిగేంత బిగువులో ఉంచండి. బండి పడినా లివరు తిరుగుతుంది, విరగదు. విరిగిన లివరుతో కొరాపుట్ దాకా కూడా రాలేరు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, మెసేజ్ రాసినాయన కూడా చెప్పని మాట. నింజా 650 సీటు ఎత్తు 790 మిల్లీమీటర్లు, ఆర్‌సీ 390ది 824. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి నేల అందేది పెద్ద బండి మీదే. ఎత్తు తక్కువున్నవాళ్ళు కొనే ముందు, రోజూ వేసుకునే బూట్లతో రెండిటి మీదా కూర్చుని చూడాలి.

ఇక మూడో పాయింటు. ‘ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ ఉన్నాయి, కొత్తవాడికైనా భయం లేదు.’ మిగతావన్నీ డబ్బు పోయే మాటలు. ఇది మనిషి పోయే మాట. దీన్ని పది గ్రూపులకు పంపినవాళ్ళెవరూ ఏబీఎస్ ఏం చేస్తుందో ఒక్క క్షణం ఆలోచించలేదు.

ఏబీఎస్ చేసేది ఒక్కటే. చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును సెకనుకు చాలాసార్లు వదిలి పడుతుంది. బండి ఆగే దూరాన్ని అది మాయం చెయ్యదు. పొడి తారు, మంచి టైర్లు, తేరుకోవడానికి ఒక సెకను వేసుకుని లెక్క కట్టండి. 80 మీద బ్రేకు వేస్తే ఆ సెకనులో 22 మీటర్లు, బ్రేకు పట్టాక 35 మీటర్లు, మొత్తం 57. 120 మీద 33 మీటర్లు, ఆపైన 79, మొత్తం 112. స్పీడు ఒకటిన్నర రెట్లు, దూరం రెండు రెట్లు. 6ఆర్‌కి ఆ 120 రెండో గేరులోనే వస్తుంది, వచ్చినట్టు ఒంటికి తెలియదు. 390 మీద 120 కావాలంటే మూడు నాలుగు గేర్లు మార్చుకుంటూ అడిగి తెచ్చుకోవాలి.

అదీ పొడి తారు మీద లెక్క. మన రోడ్లు చూద్దాం. కోతలయ్యాక రోడ్డు మీద ధాన్యం, చోళ్ళు ఆరబోస్తారు. వానలకు కొండ మీంచి ఎర్రమట్టి, గులక మలుపులోకి కొట్టుకొస్తాయి. గులక మీద ఏబీఎస్ ఉన్న బండి ఆగే దూరం పెరుగుతుంది, ఎందుకంటే పట్టులేని చోట అది పదేపదే బ్రేకు వదులుతుంది. ట్రాక్షన్ కంట్రోలు వెనక చక్రం జారకుండా ఇంజను బలం తగ్గిస్తుంది, అంతవరకే. మలుపులోకి మీరు తెచ్చిన స్పీడు ఎక్కువైతే దాన్ని ఏ కంప్యూటరూ తగ్గించదు.

కొత్తవాడు చేసే తప్పు ఇదే. మలుపు మధ్యలో భయపడి ముందు బ్రేకు గుప్పిట పడతాడు. వంగిన బండి నిటారుగా లేస్తుంది, లేచి తిన్నగా పోతుంది. ఎడమ మలుపైతే ఎదురు వచ్చే లారీ కిందికి. కుడి మలుపైతే పిట్టగోడ మీదికి, గోడ లేనిచోట లోయలోకి. మామూలు ఏబీఎస్ బండి నిటారుగా ఉన్నప్పుడు పనిచెయ్యడానికి కట్టింది. ఒరిగిన కోణాన్ని కొలిచి దాని ప్రకారం బ్రేకు పట్టేది వేరు, దాన్ని కార్నరింగ్ ఏబీఎస్ అంటారు. 2022 ఆర్‌సీ 390లో అది ఉంది. నింజా 650లో ఏబీఎస్ ఉంది, ట్రాక్షన్ కంట్రోలు ఉంది, కోణం కొలిచేది లేదు. ‘పెద్ద బండిలో సేఫ్టీ ఎక్కువ’ అని రాసినాయన రెండు బళ్ళ స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టి చూడలేదు.

‘రేజు మన చేతిలోనే ఉంది కదా.’ గతుకులో ముందు చక్రం పడ్డప్పుడు మణికట్టు అదురుతుంది, రేజు వేలెడంత తిరుగుతుంది. 390 మీద అది ఒక కుదుపు. నాలుగు సిలిండర్లది పదివేల ఆర్‌పీఎం మీద ఉన్నప్పుడు ఆ వేలెడంతకే బండి ముందుకు దూకుతుంది. మనిషి వెనక్కి పడతాడు, హ్యాండిల్ పట్టుకుని వేలాడతాడు, రేజు ఇంకా తిరుగుతుంది. అప్పుడు చెయ్యి అతని మాట వింటుందా?

యూరప్‌లో దీన్ని చట్టంలోనే పెట్టారు. అక్కడ ఏ2 లైసెన్సు వాళ్ళకు 35 కిలోవాట్ల వరకే అనుమతి, 24 ఏళ్ళు నిండనివాళ్ళు రెండేళ్ళ అనుభవం తర్వాతే పైకి. 35 కిలోవాట్లంటే 47.6 పీఎస్. బారామతిలో తయారయ్యే ఏప్రిలియా ఆర్‌ఎస్ 457 బలం సరిగ్గా 47.6 పీఎస్. ఆ అంకె ఎక్కడిదో ఇప్పుడు అర్థమవుతుంది. మన దగ్గర గేరు బండి లైసెన్సు ఒక్కటుంటే 110 సీసీ నుంచి 1,340 సీసీ హయాబుసా దాకా ఏదైనా తోలొచ్చు. చట్టం ఆపదు కాబట్టి ఆపుకోవలసింది మనమే.

ఏ బండి కొన్నా ఈ పని చెయ్యండి. ఖాళీ గ్రౌండులో గులక లేని తారు ముక్క చూసుకోండి. ఒక రాయి పెట్టండి, అక్కణ్ణుంచి పది అంగలు వేసి కాదు, టేపుతో కొలిచి పది మీటర్ల దగ్గర ఇంకో రాయి. 40 మీద మొదటి రాయి దాటుతూనే బ్రేకు. ముందు బ్రేకును రెండు దశల్లో నొక్కాలి: మొదట ఫోర్కు (ముందు షాకులు) కిందికి దిగేంత, అది దిగాక గట్టిగా. రెండో రాయి లోపల ఆగాలి. వరసగా ఇరవైసార్లు ఆగేదాకా ఘాటు ఎక్కొద్దు. ఆ తర్వాత 60 మీద, 20 మీటర్లకు.

పన్ను సంగతి. మెసేజ్‌లో ఇది నిజం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ళకు జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. 373 సీసీ 390కీ, 998 సీసీ బండికీ అదే 40. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కూడా 2022 రేట్ల ప్రకారం 350 దాటిన అన్నిటికీ ఏడాదికి 2,804 రూపాయలే. కానీ శాతం ఒకటైతే మొత్తం ఒకటవుతుందా? నాలుగు లక్షల లోపు బండి మీద 40 శాతం వేరు, పదకొండు లక్షలు దాటిన బండి మీద 40 శాతం వేరు. సొంత డేమేజీ ప్రీమియం బండి విలువ మీద పడుతుంది. ఆ స్లాబు తేడా నిజంగా కలిసొచ్చేది 312 సీసీ టీవీఎస్ ఆర్‌ఆర్ 310కీ, 296 సీసీ నింజా 300కీ. మెసేజ్ వాటి పేరే ఎత్తలేదు.

సర్వీసు సమానమట. 390లో ప్లగ్గు ఒకటి, వాల్వులు నాలుగు. 650లో రెండు, ఎనిమిది. 6ఆర్‌లో నాలుగు, పదహారు. 6ఆర్ వాల్వు క్లియరెన్సు (వాల్వు దగ్గరి సన్నని సందు) చూడాలంటే ముందు టాంకు, ఎయిర్‌బాక్సు విప్పాలి, తేడా ఉంటే ఆ సందు సరిచేసే షిమ్ములు, అంటే పలుచని బిళ్ళలు, మార్చాలి. ఆ పని మన ఊరి మెకానిక్ చెయ్యడు, చెయ్యనివ్వకూడదు కూడా. వైజాగుకో భువనేశ్వర్‌కో పోవాలి. ముందు బ్రేకుకు 390లో ఒక డిస్కు, మిగతా రెండిటికీ రెండేసి, కాబట్టి పాడ్లూ రెండింతలు. వెనక టైరు 390కి 150/60, 650కి 160/60, 6ఆర్‌కి 180/55. ఆ 180 మన వైపు షాపులో ఉండదు, తెప్పించుకోవాలి. గాలి 6ఆర్‌కి ముందు 36, వెనక 42. 650కి 32, 36. పంక్చరు షాపులో ‘నలభై నలభై’ కొట్టించుకోకుండా సొంత గేజీ ఒకటి పెట్టుకోండి.

ఇంకొకటి. వానాకాలంలో పెద్ద బండి నెలల తరబడి షెడ్డులోనే ఉంటుంది. వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచితే చాలంటారు. ఆ ఐదు నిమిషాల్లో బ్యాటరీ సరిగ్గా చార్జు కాదు. సైలెన్సరులో నీరు మాత్రం చేరుతుంది. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 12.4 వోల్టుల కింద ఉంటే చార్జరు తగిలించండి.

ఆంధ్రా నంబరు. వైజాగులో కొనుక్కోండి, తప్పులేదు. అక్కడ టెంపరరీ రిజిస్ట్రేషను తీసుకుని, ఒడిశాలో మీ అడ్రసు మీద పర్మనెంటు చేయించండి. చుట్టాల అడ్రసు మీద ఆంధ్రా నంబరు తీసుకుని ఇక్కడ ఏళ్ళ తరబడి తిప్పడం కుదరదు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. అప్పుడు ఫారం 28 మీద ఆంధ్రా నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ ఫారం 27, మళ్ళీ పన్ను, అక్కడ కట్టిన పన్ను వాపసు కోసం తిరగడం. పెద్ద బండికి ఆ పన్నూ పెద్దదే. నాల్కో, హాల్, రైల్వే ఉద్యోగులు ఈ గొడవంతా లేకుండా దేశమంతా చెల్లే బీహెచ్ సిరీస్ నంబరు తీసుకోవచ్చు.

సౌండు గురించి చెప్పడానికేమీ లేదు.

హైవే వణుకు. ఇది మెసేజ్‌లో సరైన పాయింటు, నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఒంటి సిలిండరు 390 మీద 110 దాటి గంటసేపు పోతే చేతులు తిమ్మిరెక్కుతాయి, అద్దంలో వెనకొచ్చే బండి చెదిరిపోయి కనిపిస్తుంది. ప్రతి వారం బరంపురం నుంచి భువనేశ్వర్‌కు ఎన్‌హెచ్-16 మీద, వెనక ఇల్లాలిని కూర్చోబెట్టుకుని పోయే మనిషికి, అప్పటికే ముప్పై వేల కిలోమీటర్లు తోలిన చెయ్యి ఉంటే, 650 సరైన బండి. అతనికి 390 అంటగట్టడం తప్పు. 6ఆర్ అంటగట్టడం ఇంకా పెద్ద తప్పు. దాని వెనక సీటు మీద ఇల్లాలు ఛత్రపురం దాకా కూడా ఓపిక పట్టదు.

దామంజోడి తమ్ముడికి: నువ్వు ఇప్పటిదాకా తోలింది 125. రోజూ తోలబోయేది కొరాపుట్, సునాబెడ, నెలకోసారి సాలూరు. బుకింగ్ కేన్సిల్ చెయ్యకు. వణుకు ఇష్టం లేకపోతే 457 కూడా చూడు, దానికి రెండు సిలిండర్లు, కానీ సర్వీసు సెంటరు ఎంత దూరమో ముందు ఫోను చేసి కనుక్కో. మిగిలిన డబ్బులో హెల్మెట్, చేతి గ్లోవులు, చీలమండ దాటే బూట్లు కొను. ఆ మెసేజ్ ఇంకెవరికైనా పంపాలనిపిస్తే మూడో పాయింటు తీసేసి పంపు.