గుండ్లకమ్మ ఒడ్డున 2,222 కాన్పులట!

మా చిన్నాన్న కొడుకు డల్లాస్‌లో కూర్చుని వంశవృక్షం కట్టి, ఇప్పుడే కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మా ముత్తాత తండ్రి పుట్టింది 1878 జూలై 3నట. ఆయన కూతురేమో 1875లో పుట్టింది. తండ్రికంటే మూడేళ్లు పెద్ద కూతురు! అదేంట్రా అంటే, "బాప్తిస్మ రిజిస్టరులో అదే తారీఖుంది అక్కా, వంశవృక్షం యాప్ కూడా ఒప్పుకుంది" అంటాడు.

ఒరేయ్, మనం బాప్టిస్టులం. ఊహ తెలిశాక, సంఘం ముందు సాక్ష్యం చెప్పి నీళ్లలో మునుగుతాం. చంటిపిల్లలకి ఇవ్వం, అంటే అది మునిగిన తారీఖు, పుట్టిన తారీఖు కాదు. ఆ రోజు వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో మునిగినవాళ్లు 2,222 మంది. నీ యాప్ లెక్కన ఏటి ఒడ్డున ఒక్క పూటలో అన్ని కాన్పులు. మంత్రసానులు ఏ ఊళ్లనుంచి వచ్చారో అదీ ఎక్కించు! లూథరన్ల రిజిస్టరైతే సరే, వాళ్లు పసిబిడ్డలకే ఇస్తారు.

ఇంగ్లండులో చూడండి, చర్చ్ ఆఫ్ ఇంగ్లండుకి లొంగని సంఘాల రిజిస్టర్లని సర్కారే పోగేయించి, కోర్టులో సాక్ష్యంగా చెల్లుతాయని 1840లో చట్టం చేసింది. ఇక్కడ పాత పుస్తకాలు అడిగితే "చెదలు తిన్నాయమ్మా" అంటారు. ఏ సంఘమో చెప్పనులే, మీ ఊళ్లోనూ అంతేగా.

ఇంతలో మా పెద్ద బావ దూరాడు. "ఏం చరిత్రలే, కరువులో గంజికి మారినోళ్లం." ఒళ్లు మండింది. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని పట్టి జనానికి కూలి ఇప్పించాడు. కూటికోసం వచ్చారన్న మాట పడకూడదని, ఆ పనులు సాగినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసమైతే గంజి ఆగాక మునగడమెందుకు బావా?

అసలు మమ్మల్ని ముంచింది ఏరు కాదు, ఎస్సీలెవరో తేల్చిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. క్రైస్తవుడైతే ఎస్సీ కాదంది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తీశారు, మాకు తియ్యలేదు. మా వాళ్ల పల్లె మారలేదు, బావి మారలేదు, ఊరోళ్లు పిలిచే పిలుపూ మారలేదు. ఒక్క మునకతో కులం కడుక్కుపోయిందట! గుండ్లకమ్మ నీళ్లకి అంత మహత్యం ఉందని మునిగినవాళ్లకే తెలీదు. అందుకే మా ఇళ్లల్లో చాలామందికి రెండు పేర్లు: బడిలో ఒకటి, సంఘం రిజిస్టరులో ఒకటి.

ఆ రెండో పేర్లన్నీ వరసపెట్టి యాప్‌లో ఊరందరికీ కనబడేలా పెట్టాడు మా వాడు. మేనల్లుడి ఎస్సీ సర్టిఫికెట్ ఇంకా తహసీల్దారు దగ్గరే ఉందిరా, ముందు అది తీసెయ్!