బ్రూస్ స్పాన్‌వర్మ్ గారికి, కాకపోతే వింటర్ మాత్ గారికి

అయ్యా,

చూడ్డానికి ఒకేలా ఉండే రెండు మాత్ జాతుల్లో (అదే, రాత్రిపూట దీపాల దగ్గర తిరిగే రెక్కల పురుగుల్లో) మీరేదో తేలక రెండు పేర్లూ రాశాను. మీరెవరైతే వారు చదువుకోండి.

మసాచుసెట్స్‌లో నవంబరంటే సాయంత్రం నాలుగున్నరకే చీకటి. బుద్ధున్న పురుగులన్నీ ఎప్పుడో సర్దేసుకున్నాయి, పోర్చ్ లైటు దగ్గర మీరొక్కరే. శనివారం రాత్రి గాజుగ్లాసు బోర్లించి పట్టుకున్న పాపానికి నిన్న ఆదివారమంతా మీకే సమర్పించుకున్నాను. ఏముందండీ మీ ఒంటి మీద? వంద ఉతుకులు చూసిన లుంగీలా బూడిద రంగు, గోధుమ రంగు, మళ్లీ బూడిద. ఉన్న నాలుగు అలల గీతలూ పొడిలా గ్లాసుకి అంటించేశారు. పుస్తకంలో ఫొటోకి మాత్రం పెళ్లికొడుకులా దిగుతారు. ఫోన్‌లో యాప్ మొదట బ్రూస్ అంది, కాస్త పక్కకి తిప్పి తీస్తే వింటర్ అంది, మూడోసారి ఎండుటాకు అంది. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు జానలేసి నేల కొలిచిన వంశం కదా, ఒక్క కొలతైనా తేడాగా పెట్టుకోలేకపోయారా?

తెలిసినవాళ్లని అడిగితే పొట్ట చివర కోసి, జననాంగాలు మైక్రోస్కోప్ కింద చూడాలన్నారు, లేదంటే డీఎన్‌ఏ. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని విన్నాను గానీ, పురుగు పొట్ట విప్పితే పేరుంటుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఊరికే అడగట్లేదు. బ్రూస్ గారైతే ఇక్కడివారే. వింటర్ గారైతే యూరప్ సరుకు, 1930లలో కెనడాలోని నోవా స్కోషియాలో దిగిన బాపతు, ఈ శతాబ్దం మొదట్లో మా రాష్ట్రంలో మేపుల్, ఓక్ చెట్లకి గుండు కొట్టిన బాపతు. నా బ్లూబెర్రీ మొక్క భయం నాది. మీదే దేశమని నన్నైతే వారానికొకరు అడుగుతారు, పాస్‌పోర్ట్ చూపిస్తే తేలిపోతుంది. మీరు పాస్‌పోర్ట్ పొట్టలో దాచుకుంటే ఎలా?

పోనీ మీ ఆడవాళ్లని చూసి తేల్చుకుందామంటే, ఎగరడానికి రెక్కల్లేక చెట్టు మొదలు పట్టుకుని పాక్కుంటూ ఎక్కుతుంటారు. పైగా రెండు జాతుల ఆడవాళ్లూ మగవాళ్లని పిలిచే వాసన ఒకటే! ఆ వాసన పెట్టి బోను కడితే ఇద్దరూ వచ్చి పడతారట. అక్కడితో ఆగారా, ఆ జాతి ఆడవాళ్ల పిలుపుకి ఈ జాతి మగవాళ్లూ, ఈ జాతి ఆడవాళ్ల పిలుపుకి ఆ జాతి మగవాళ్లూ వెళ్లి సంకర సంతానాన్ని కూడా కన్నారు. సిగ్గుందా నీకు? సొంత పెళ్లాం ఏ జాతో తెలియనివాడివి, నీకు పేరు వెతకడానికి నా ఆదివారం తగలేశానా!

అమ్మ వీడియో కాల్‌లో చూసి "లైటార్పేస్తే అదే పోతుంది కదరా" అంది. ఆర్పలేదు. బయట ఐదు డిగ్రీలు, నువ్వేమో రెక్కలు వణికిస్తూ ఇంకా గ్లాసులోనే. కోయడానికి చేతులు రాక గ్లాసెత్తేశాను. నోట్‌బుక్‌లో మాత్రం "ఇద్దరిలో ఒకడు" అని రాసుకున్నాను.

బ్లూబెర్రీ జోలికి రాకు.

ఇట్లు,
పోర్చ్ లైటు ఓనరు