కొత్త షికారీకి కొన్ని ధైర్యవచనాలు

వరంగల్, హన్మకొండ యువకుల్లో కొందరికి ఈ మధ్య వేట నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. దీన్ని నవ్వులాటగా తీసుకోవడం తగదు. సామగ్రి విషయంలో వాళ్లు ఇప్పటికే అన్ని విధాలా సిద్ధం. మచ్చల చొక్కా వచ్చింది, మోకాళ్ల దాకా బూట్లు వచ్చాయి, నుదుటికి కట్టుకునే టార్చి వచ్చింది, నెలవారీ కిస్తుల మీద పెద్ద టైర్ల జీపు కూడా వచ్చింది. రానిది ఆత్మవిశ్వాసం ఒక్కటే. అది కొరియర్‌లో రాదు. ఆ లోటు తీర్చడం నాలాంటి కాలమిస్టుల సామాజిక బాధ్యత అనుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట గురువు సంగతి. మనవాళ్ల గురువులంతా ఫోన్‌లోనే ఉన్నారు, అందులో ఎక్కువమంది అమెరికా వాళ్లు. వాళ్లు చెప్పే పాఠాలు మంచివే. కాగితం మీద గుండ్రాలు గీసి, గుళ్లన్నీ ఒకే చోట పడేదాకా సాధన చేయమంటారు. ఎంత దూరం నుంచి కచ్చితంగా కొట్టగలవో తెలుసుకో, అంతకు మించిన దూరంలో ఉన్నదాన్ని వదిలెయ్ అంటారు. గాలి ముఖానికి తగిలేలా నడవాలట. వీపుకు తగిలిందంటే మన వాసన మనకన్నా ముందే పోయి కబురు చెప్పేస్తుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో కొత్తవాడు శిక్షణ తరగతికి వెళ్లి పాసైతేనే లైసెన్సు. తోటి వేటగాడు జింక అనుకుని కాల్చకుండా, కళ్లు చెదిరే నారింజ రంగు కోటు వేసుకోవాలన్న నిబంధన కూడా చాలా చోట్ల ఉంది. జర్మనీలోనైతే రాత పరీక్ష, నోటి పరీక్ష, గురి పరీక్ష మూడూ గట్టెక్కాలి. ఈ ముక్క మన ఇంజనీరింగ్ కుర్రాళ్లకు చెప్పకపోవడమే మంచిది. సప్లిమెంటరీ ఎప్పుడు అని అడుగుతారు.

చిక్కంతా ఆ తర్వాతి పాఠంలో ఉంది. చిన్న జంతువుతో మొదలుపెట్టు, ఉడుతను కొడితే ధైర్యం వస్తుంది అంటాడు ఫోన్‌లో గురువు. ఆయనకేం, ఆయన ఊరి ఉడుత వీపు మీద రాముడి వేళ్ల గుర్తులు లేవు. ఇక్కడ ఉడుతను కొట్టి ఇంటికి తెస్తే నాయనమ్మ అన్నం పెట్టదు. పోనీ కుందేలును కొడదామంటే అన్నం జైల్లో పెడతారు.

జైలు మాట వినగానే కొత్త షికారీ ముఖం వాడిపోతుందని నాకు తెలుసు. నిజానికి అతని ధైర్యానికి అసలు మందు అక్కడే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకసారి చదివి చూడమనండి. లోకంలో అందరూ కొత్తవాడిని చిన్నచూపు చూసేవాళ్లే. డ్రైవింగ్ నేర్చుకునేవాడి బండికి ఎర్రటి ఎల్ అంటిస్తారు. కొత్త వకీలుకు సీనియర్ ఫైళ్లు మోయడం తప్ప పని చెప్పడు. ఈ చట్టానికి అలాంటి పక్షపాతం లేదు. చంపడమే కాదు, చంపబోవడమూ వేటేనని అందులో స్పష్టంగా రాశారు. పట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. పక్షి గూటిని కదిలించినా వేటే. మీ గుండు దుప్పికి తగలకుండా పక్కనున్న ఇప్పచెట్టుకు తగిలినా సరే, మీరు పూర్తి స్థాయి వేటగాడే. ముప్పై ఏళ్లు అడవి తిరిగినవాడితో సమాన హోదా మొదటి రాత్రే దక్కుతుంది. మరే విద్యలో ఉంది ఇంత గౌరవం?

కోర్సు కాలం కూడా నిర్ణయించి పెట్టారు. పులి, చిరుత, నెమలి, కృష్ణజింక లాంటివి మొదటి షెడ్యూల్‌లో, అంటే చట్టం వెనకున్న పట్టికల్లో మొదటిదాంట్లో, ఉన్నాయి. వాటి జోలికి పోయి నేరం రుజువైతే కనీసం మూడేళ్లు, అంటే ఒక డిగ్రీ. గరిష్ఠంగా ఏడేళ్లు, అంటే పీజీ దాటి పీహెచ్‌డీ గుమ్మం దాకా. ఫీజు, అంటే జరిమానా, 2022 సవరణ తర్వాత కనీసం 25 వేలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఆత్మరక్షణ కోసం చంపాల్సి వచ్చిందని చెప్పుకుందామా అంటే, దానికీ ముందే గడియ పెట్టారు. చట్టం ఉల్లంఘించే పనిలో ఉండి అలాంటి పరిస్థితి తెచ్చుకున్నవాడికి ఆ మినహాయింపు చెల్లదు. ఎలుగుబంటి మీద పడిందన్న మాట నిజమే కావచ్చు. అర్ధరాత్రి తుపాకీతో దాని గుహ దగ్గర మీకేం పని అని అడుగుతారు.

ఇంతకుముందు కొత్తవాళ్లకు తగిన సిలబస్ ఒకటి ఉండేది. అది ఐదో షెడ్యూల్. అందులో కాకులు, ఎలుకలు, చుంచులు, పండ్లు తినే గబ్బిలాలు ఉండేవి. వాటిని హానికర జీవులుగా లెక్కగట్టి రక్షణ లేకుండా వదిలారు. 2022 సవరణలో షెడ్యూళ్లను ఆరు నుంచి నాలుగుకు కుదించినప్పుడు అది పోయింది. అయినా ఇంట్లో ఎలుకను పట్టుకోవడానికి ఇవాళ్టికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. సాధనకు అది చాలు. కాకపోతే నా అనుభవంలో, కొత్త షికారీ ఆత్మవిశ్వాసాన్ని ఎలుక దెబ్బతీసినంతగా పులి కూడా తీయలేదు.

హన్మకొండవాళ్లకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. మన జూ పార్కు కట్టింది హంటర్ రోడ్డు మీద. అడ్రసు చూసి ఎవరూ పొరబడొద్దు, బోనులో ఉన్న జంతువును కొట్టబోయినా చట్టం దృష్టిలో అది వేటే. కానీ ఒక ఆదివారం అక్కడికి వెళ్లి, దుప్పి మన కన్నా ఎంత ముందుగా చెవి తిప్పుతుందో గమనిస్తే చాలామందికి జీపు అమ్మేద్దామా అన్న ఆలోచన వస్తుంది. కిస్తులు మాత్రం మిగులుతాయి.

ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందన్నది చరిత్రలో ఉంది. 1902లో వైస్రాయ్ కర్జన్ ప్రభువు నిజాం రాజ్యానికి వచ్చి, సతీసమేతంగా మన నెక్కొండ దగ్గర పులి వేటాడాడు. రాజా దీన్‌దయాళ్ తీసిన ఫోటో ఇప్పటికీ ఉంది. దొర, దొరసాని నిటారుగా నిలబడి ఉంటారు, కాళ్ల దగ్గర చచ్చిన పులి పడి ఉంటుంది. ఆత్మవిశ్వాసం అంటే అదీ. ఇక ఆ కాలపు షికార్ల పద్ధతి చూస్తే, పులి జాడ కనిపెట్టేది ఊరివాళ్లు, ఎరగా దున్నపోతును కట్టేది ఊరివాళ్లు, డప్పులు కొట్టి, కేకలు వేసి, పొదల్లోంచి దాన్ని తుపాకీ ఎదుటికి తరిమేది ఊరివాళ్లు. పులి వెనక్కి తిరిగితే దాని నోటికి ముందు దొరికేదీ వాళ్లే. దొరగారు చేయాల్సింది మంచె మీద ఆవలింత ఆపుకోవడం, వేలు కదపడం, తర్వాత ఫోటోకు నిలబడటం. డప్పు కొట్టినవాడికి ఫోటోలో చోటు లేదు. ఫ్రేము చిన్నదై ఉంటుంది.

దొరలు పోయారు గానీ ఆ పద్ధతి పోలేదు. తాడ్వాయి దారిలో జీపు ఆగితే ముందు దిగేది ఇప్పటికీ ఊరి మనిషే. రాత్రిపూట ఏ చెలిమె దగ్గరికి ఏ జంతువు వస్తుందో, ఆకు మీద అడుగు పడితే ఎంతసేపటి కిందటిదో అతనికి తెలుసు. వెనకాల మచ్చల చొక్కా గుసగుసగా అడుగుతుంది: "అన్నా, ఇంకెంత దూరం?"

"గమ్మున నడువున్రి సారూ. గాలి మన ఎనుక నుంచి కొడుతుంది. మీ సెంటు వాసన ఈపాటికి గోదావరి దాటింటది."

సారు నొచ్చుకుంటాడు. అది ఇంపోర్టెడ్ సెంటు. కానీ అతని ఆత్మవిశ్వాసం చెక్కుచెదరదు, ఎందుకంటే అది గురిలోనో, కాళ్లలోనో లేదు, జేబులో ఉంది. చెక్‌పోస్టు దగ్గర ఎవరైనా ఆపితే ఫోన్ తీసి, ఒక పెద్దమనిషి పేరు చెప్పి, స్పీకర్ ఆన్ చేస్తాడు. జంతువు ఎదుట వణికే చేయి ఆ నంబరు నొక్కేటప్పుడు మాత్రం స్థిరంగా ఉంటుంది. మన దగ్గర వేట శిక్షణ తరగతులు ఎవరైనా పెడితే మొదటి పాఠం అదే కావాలని నా సూచన. ఆ నంబరు పనిచేయని రాత్రి కేసులో మొదటి పేరు ఎవరిదవుతుందో చెప్పాలా? అడుగుజాడలు చదవడం వచ్చినవాడిది. దానికి కారణం తేలికే. అతని దగ్గర నంబరు లేదు.

తర్వాత దావత్ ఉంటుంది. ఇక్కడ కొత్తవాళ్లు తెలియక అతిగా ధైర్యం చేస్తుంటారు. వేటాడిన అడవి జంతువు మాంసం చట్టప్రకారం ప్రభుత్వ ఆస్తి. గిన్నెలోది అడవి జంతువు మాంసమేనని తేలితే, అది చట్టబద్ధంగానే వచ్చిందని నిరూపించుకోవాల్సిన భారం కూడా మీదే. మసాలా దట్టించాం, ఎవరు గుర్తుపడతారు అనుకోవద్దు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది. ముక్కలో డీఎన్‌ఏ చూసి అది దుప్పో, మేకో, పందో చెప్పేస్తారు. అల్లం వెల్లుల్లి ఎంత వేశారన్నది వాళ్లకు అనవసరం. ఇక ఫోటోలు, స్టేటస్‌లు పెట్టేవాళ్ల గురించి నేను చెప్పేదేమీ లేదు, వాళ్లు దర్యాప్తు అధికారి సగం పని వాళ్లే చేసిపెడుతున్నారు.

ఇంత ఉత్సాహం ఒక పక్క ఉండగా, వేట మీద ఏ మోజూ లేని మనిషి ఒకడు మరో పక్క ఉన్నాడు. ములుగు, భూపాలపల్లి వైపు మక్క చేను వేసిన రైతు. కంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు మందగా దిగుతాయి. తినేది కొంత, తొక్కేది చేనంతా. ఆయన మంచె మీద కూర్చుని తెల్లవార్లూ డబ్బా కొడతాడు, మంట పెడతాడు, పాత చీరలు చుట్టూ కడతాడు. పందులు చీరల రంగులు చూసుకుని మరీ లోపలికి వస్తాయి. ఆయనకు చట్టం ఒక దారి చూపించింది. మనుషుల ప్రాణానికో, పంటకో ముప్పు తెచ్చే అడవిపంది లాంటి జంతువును చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. దరఖాస్తు, విచారణ, నివేదిక, సంతకం. పంది ఇవేమీ చదవదు కాబట్టి కాగితం వచ్చేలోపు కంకులు పూర్తి చేస్తుంది.

ఆ విసుగులో కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు. తీగకు పంది, మనిషి తేడా తెలియదు. పొద్దున్నే మోటారు వేయడానికి పోయిన పక్క చేను మనిషి అక్కడే పడిపోయాడన్న వార్త మన జిల్లాల పేజీలో వస్తూనే ఉంటుంది. దీని మీద వ్యంగ్యం రాయడం నాకు చేతకాదు.

కాబట్టి కొత్త షికారీలకు నా దగ్గర ఒక ప్రతిపాదన ఉంది. చీకటి కావాలన్నారు, అడవి వాసన కావాలన్నారు, జంతువు ఎదురుపడాలన్నారు, రాత్రంతా ఓపిక పట్టడం నేర్చుకోవాలన్నారు. ఇవన్నీ మక్క చేను మంచె మీద ఉచితంగా దొరుకుతాయి. తుపాకీ అక్కర్లేదు, పందికి కొద్దిగా కూడా గాయం చేయకూడదు. నిద్రపోకుండా డబ్బా కొడితే చాలు. మచ్చల చొక్కాకు అభ్యంతరం లేదు. జేబులో ఉన్న పెద్దమనిషి నంబరు కూడా తెచ్చుకోండి, రైతు దరఖాస్తు ఎక్కడ ఆగిందో కనుక్కోవడానికి పనికొస్తుంది. డబ్బా, టార్చి రైతే ఇస్తాడు. టార్చిలో బ్యాటరీలు మాత్రం మీరే వేసుకోవాలి, పోయిన పంట డబ్బులు ఆయనకింకా రాలేదు.