కూకట్‌పల్లిలో దిగి వండర్‌లా చూద్దామనుకునే వాళ్లకి

మా చిన్నత్తయ్యగారు ఈ పోస్టు చూడరనే ధైర్యంతో రాస్తున్నా. ఆవిడకి ఫేస్‌బుక్ లేదు. వాళ్ల కోడలికి ఉంది. కాబట్టి ధైర్యం సగమే.

సెలవులు దగ్గరపడితే చాలు, మా బెజవాడ సత్యనారాయణపురం అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న. "హైదరాబాద్‌లో రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా ఆటల పార్కు రెండూ కలిపి మూడు రోజుల్లో అయిపోతాయా అండీ?" వెంటనే ఇరవై జవాబులు. ఫలానా ఆట వదలకండి, ఫలానా షో ముందు చూడండి, గొడుగు పట్టుకెళ్లండి, మజ్జిగ తాగండి. ఇన్ని చెప్పేవాళ్లలో "రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు?" అని అడిగినవాళ్లని ఇంతవరకు చూడలేదు. నా గోలంతా అదే.

పోయినేడాది దసరా సెలవుల్లో మేం వెళ్లాం. తొమ్మిది మందిమి. అత్తయ్యగారు, మామయ్యగారు, మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు, గుంటూరు నుంచి మా ఆడపడుచు, వాళ్లాయన, వాళ్లబ్బాయి. టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. ప్లాను బాధ్యత ఆడపడుచు భర్త తీసుకున్నారు. నాకు అన్నయ్యగారి వరస, మంచి మనిషి, కానీ చేతికి ఎక్సెల్ దొరికితే మనిషి కాదు. 9.00 గేటు. 9.10 టిఫిను. 9.25 బస్సు. టిఫినుకి పదిహేను నిమిషాలు! తొమ్మిది మందికి! మా మామయ్యగారికి ఇడ్లీ ఆవిరి పోయేదాకా చూడ్డానికే పది నిమిషాలు కావాలి. ఆయనకి షుగరు, గంటకోసారి బాత్‌రూముకి వెళ్లాలి. ఆ సంగతి షీటులో ఏ గడిలోనూ లేదు.

తెల్లారుజామున మూడున్నరకి బెజవాడలో బయల్దేరాం. దీన్ని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, "నాలుక్కి ఎక్కితే తొమ్మిదికల్లా గేటు దగ్గరున్నాం" అని. నిజమే, రోడ్డు బావుంటుంది. కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి, నాలుగు టోల్‌గేట్లు దాటి, మధ్యలో సూర్యాపేటలో ఓ టీ తాగితే దాదాపు 240 కిలోమీటర్లు ఇట్టే అయిపోతాయి. అయ్యేది రోడ్డే. మనుషుల సంగతో? రాత్రి పులిహోర కలిపి, సంచులు సర్ది, నేను పడుకున్నది పన్నెండున్నరకి. రెండున్నరకి అలారం. పొద్దున్న పదకొండుకల్లా రామోజీలో తిప్పే బస్సులో మా అమ్మాయి నా ఒళ్లో నిద్ర, మా ఆయన సీట్లో నిద్ర, అత్తయ్యగారు కళ్లు తెరుచుకునే నిద్ర. 1996లో మొదలైన చోటు, 1,666 ఎకరాల స్టూడియో అని గిన్నిస్ వాళ్లు రాసుకున్న చోటు, అందులో మావాళ్లు ఎక్కువసేపు చూసింది ముందు సీటు వెనక భాగం.

పులిహోర సంగతి కూడా చెప్పేస్తా. బయటి తిండి లోపలికి రానివ్వరు. పెద్ద స్టీలు డబ్బా అలాగే బండిలో ఉండిపోయింది. మధ్యాహ్నం డ్రైవరు తిన్నంత తిన్నాడు, సాయంత్రానికి వాసన వచ్చేసింది. అర్ధరాత్రి దాకా నిమ్మకాయలు పిండిన చేతులు నావి.

అసలు కథ సాయంత్రం మొదలైంది. కూకట్‌పల్లిలో మా అత్తయ్యగారి చెల్లెలు, అదే మా చిన్నత్తయ్యగారు, ఉంటారు. నెల ముందే ఫోనులో, "ఏమ్మా, మేం చచ్చామనుకున్నారా హోటల్లో దిగడానికి?" అన్నారు. ఈ మాటకి తెలుగునాట ఇంతవరకు ఎవరి దగ్గరా జవాబు లేదు. దిగాం. రామోజీ నుంచి కూకట్‌పల్లి అంటే ఏంటో బెజవాడ వాళ్లకి తెలియదు. మనకి "హైదరాబాద్" అంటే ఒక ఊరు. ఒన్ టౌన్ నుంచి పటమట వెళ్లినట్టు అనుకుంటాం. ఫిల్మ్ సిటీ ఉన్నది ఊరికి మన వైపున, అబ్దుల్లాపూర్‌మెట్‌లో, మన హైవే మీదే. కూకట్‌పల్లి ఊరికి అటు కొసన. మధ్యలో ఊరంతా, అందులోనూ సాయంత్రం ఆరున్నర ట్రాఫిక్కులో. రెండుంపావు గంటలు పట్టింది. చేరేసరికి గోంగూర, నాటుకోడి, గారెలు, పాయసం. వండినావిడ ముఖం చూసి వద్దనగలమా? తిని, ఆల్బమ్‌లు చూసి, ఎవరింట్లో ఎవరికి సంబంధం కుదిరిందో విని పడుకునేసరికి ఒంటిగంట.

రెండోరోజు వండర్‌లా. షీటులో "7.30 బయల్దేరుట". ఒక బాత్‌రూము, పదమూడు మంది. పెసరట్టు ఒక్కొక్కటే వస్తోంది. బయల్దేరింది పదిన్నరకి, చేరింది పన్నెండు దాటాక. సెలవు రోజు ఆ వేళకి ఆటల పార్కులో అడుగుపెట్టడమంటే పెళ్లికి చివరి పంక్తిలో కూర్చున్నట్టే. అన్నీ ఉన్నాయంటారు, ఆకులోకి మాత్రం ఏవీ రావు.

ఒక్క మ్యాపు తెరిచి చూస్తే తప్పిపోయే తద్దినం ఇది. వండర్‌లా ఉన్నది రావిర్యాలలో, ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర. మన హైవే ఔటర్‌ని కలిసేది పెద్ద అంబర్‌పేట, 11వ ఎగ్జిట్. మధ్యలో బొంగుళూరు, 12. అంతే. రామోజీ నుంచి వండర్‌లాకి ఊళ్లోకి అడుగుపెట్టకుండా వెళ్లిపోవచ్చు. మేం ఏం చేశాం? ఊరు మొత్తం అడ్డంగా దాటి, నిద్రపోయి, మళ్లీ చుట్టు తిరిగి, దాదాపు బయల్దేరిన చోటికే వచ్చాం. తొమ్మిది మంది, ఒక్కొక్కరికి నాలుగు గంటల చొప్పున. హోటలు డబ్బులు మిగిలాయని అత్తయ్యగారు సంతోషపడ్డారు. ఆ ముప్ఫయ్యారు గంటలు ఎవరి ఖాతాలో రాయాలి?

ఇంకో సంగతి, ఈ రెండు చోట్లనీ ఒకే గాటన కట్టేస్తారు మనవాళ్లు. ఎగ్జిబిషన్‌కో, గుంటూరు రోడ్డులో హాయ్‌లాండ్‌కో ఒక పూట వెళ్లొచ్చిన అలవాటుతో, పార్కంటే పార్కే కదా అనుకుంటాం. కానే కాదు. రామోజీలో బస్సు తిప్పుతుంది, షోలు వేళకి మొదలవుతాయి. అక్కడ గడియారం చూసుకోవాలి. లోపలికి వెళ్లగానే ఆ రోజు షోల వేళలు తీసుకుని, వాటి మధ్య మిగతావి ఇరికించుకుంటే చాలు. ముసలివాళ్లు కూడా హాయిగా కూర్చుని చూడొచ్చు. వండర్‌లాలో అలా కాదు, అక్కడ క్యూ చూసుకోవాలి. అందరూ ఎగబడే పెద్ద ఆటలు గేటు తీసిన మొదటి గంటలో. నడుస్తూ వెళ్లి ఎక్కేయొచ్చు అప్పుడు. అదే ఆటకి మధ్యాహ్నం గంట నిలబడాలి. బట్టలు తడిసే ఆటలన్నీ ఒక్క దఫాలో, భోజనం తర్వాత. ఒకసారి తడిసి, ఆరి, మళ్లీ తడిస్తే బట్టలు మార్చుకోవడానికే రోజు చాలదు. ఆడవాళ్లకి మరీను. నీళ్లలోకి నూలు బట్టలతో దిగనివ్వరు, నైలాన్‌వి కావాలి. ఈ ఒక్క ముక్క తెలియక మా ఆడపడుచు కొత్త కాటన్ చుడీదార్‌తో వచ్చి, అక్కడ కొనుక్కున్న దానితో రోజంతా సణిగింది.

మావాడి సంగతి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ కడుపులో దేవుతుంది. పదేళ్లవాడు. ఆరు నెలల నుంచి అక్కడి రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ వీడియోలు చూస్తున్నాడు, రైలు ముందుకు దూకి, గిరికీలు కొట్టి, మళ్లీ అదే దారిలో వెనక్కి వచ్చేది. క్యూలో నలభై నిమిషాలు నిలబడ్డాడు. పైన కొలత కర్ర దగ్గర ఆపేశారు. 140 సెంటీమీటర్లు ఉండాలి, వీడు 137. అక్కడున్న కుర్రాడు మర్యాదగానే చెప్పాడు, తప్పు అతనిది కాదు. ఇంట్లో గోడకి నిలబెట్టి పెన్సిలు గీత గీయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఎక్సెల్ షీటుకి మూడు వారాలు పట్టింది. ఆ రెండు నిమిషాల పని మాలో ఎవరం చెయ్యలేదు. వాడి బావ ఎక్కి దిగి "అబ్బా!" అంటుంటే వాడు నా కొంగు పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. అక్కడ పిల్లల టికెట్టు కూడా వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టే. అంటే టికెట్లు కొనేటప్పుడే మాకు తట్టాల్సింది.

ఇంత జరిగాక ఆ రాత్రి అన్నయ్యగారు, "పన్నెండు ఆటలు మిగిలిపోయాయి, రేపు మళ్లీ వద్దామా?" అన్నారు. "అంత డబ్బు పోశాం కదమ్మా." ఈ మాటే మన సరదాలన్నింటినీ చంపుతోంది. పెళ్లి భోజనంలో ఇంకో లడ్డూ కుక్కుకున్నట్టు. టికెట్టు డబ్బు గేటు దగ్గరే పోయింది. మిగిలిన పన్నెండు ఆటలు ఎక్కితే వెనక్కి రాదు, ఒళ్లునొప్పులు వస్తాయి.

ఈసారి ప్లాను నా చేతికిమ్మన్నాను. మా ఆయన నవ్వారు, ఇచ్చారు.

దసరా సెలవులు దాటనిచ్చి, కార్తీకంలో మంగళ, బుధ, గురువారాలు పెట్టాను. పిల్లల చేత బడి మానిపించానని మా అమ్మ తిట్టింది. తిట్టనివ్వండి. సెలవు రోజున ఒక ఆటకి పట్టే వేళలో మామూలు బుధవారం మూడు ఆటలవుతాయి. సోమవారం ఎందుకు కాదంటే అత్తయ్యగారి ఉపవాసం. ఆవిడ నక్షత్రం చూశాకగానీ తినరు, ఆ ఒంటితో ప్రయాణమేంటి? (సంక్రాంతికి వెళ్తే ఒక సుఖం ఉంది. హైదరాబాద్ అంతా మన వైపు వస్తుంటే మనం ఎదురు దిక్కున ఖాళీ రోడ్డు మీద వెళ్లొచ్చు. కానీ పండగపూట ఇల్లు విడిచి ఆటల పార్కుకి వెళ్దామని అత్తయ్యగారితో అనే ధైర్యం ఎవరికుందో చెయ్యెత్తండి.)

మంగళవారం తీరిగ్గా ఇంట్లో భోంచేసి ఒంటిగంటకి బయల్దేరాం. చీకటి పడే వేళకి పెద్ద అంబర్‌పేట దాపుల్లో హోటల్లో దిగాం. స్నానాలు, పెరుగన్నం, తొమ్మిదిన్నరకి లైట్లు తీసేశాం. అన్నయ్యగారు "అర్ధరోజు వేస్టు" అని రెండుసార్లు గొణిగారు. బుధవారం పొద్దున్నే అత్తయ్యగారు ఎలాగూ నాలుగింటికి లేచి దీపం పెట్టుకునే మనిషి, అందర్నీ ఆవిడే లేపారు. అలారం ఖర్చు కూడా లేదు. గేటు తీసేసరికి రామోజీలో ఉన్నాం. బాహుబలి సెట్ దగ్గర మామయ్యగారు పావుగంట నిలబడి చూశారు, ఎవరూ తొందరపెట్టలేదు. నాలుగింటికే బయటికి వచ్చేశాం. చూడనివి ఉండిపోయాయి. ఉండనీ.

చిన్నత్తయ్యగారి సమస్య మెట్రో తీర్చింది. ఎల్‌బీ నగర్ నుంచి మియాపూర్ దాకా ఒకటే లైను, 29 కిలోమీటర్లు, మధ్యలో రైలు మారక్కర్లేదు, కూకట్‌పల్లిలో దిగిపోవడమే. రామోజీ నుంచి అత్తయ్యగారినీ మామయ్యగారినీ తీసుకుని మా ఆయన అలా వెళ్లారు. ఆ రాత్రి అక్కచెల్లెళ్లిద్దరూ రెండింటి దాకా మాట్లాడుకున్నారట. ఆవిడకి కావాల్సింది అక్క. మేం కాదు, మా తొమ్మిది మంది తువ్వాళ్లు కాదు. కార్తీకం కాబట్టి నాటుకోడి కూడా తప్పింది. వండర్‌లాలో పెద్దవాళ్లు చేసేదేముంది, ఎండలో సంచులకి కాపలా కాయడం తప్ప?

గురువారం మిగతా ఆరుగురం రావిర్యాల. గేటు తీయకముందే నిలబడ్డాం. మా అమ్మాయికి ఐదేళ్లు, పెద్ద ఆటలు ఎక్కదు. ఆర్లాండో డిస్నీలో దీనికో పద్ధతి ఉందని అమెరికాలో మా తమ్ముడు చెప్పాడు, రైడర్ స్విచ్ అంటారట. తల్లీతండ్రీ ఒకరు క్యూలో నిలబడి ఎక్కుతారు, ఒకరు చంటిదాంతో బయట ఉంటారు, తర్వాత రెండోవాళ్లు మళ్లీ ఆ క్యూ అంతా నిలబడకుండా ఎక్కుతారు. ఇక్కడ మేం మాలో మేమే వంతులు వేసుకున్నాం. మొదటి గంట ఆడపడుచు, అన్నయ్యగారు మగపిల్లలతో పెద్ద ఆటలకి, నేను అమ్మాయితో చిన్న ఆటలకి. తర్వాత తారుమారు. ఎవరూ ఎవరి కోసమూ ఎండలో కాచుకోలేదు. వాడు ఈసారి 142. రీకాయిల్ రెండుసార్లు ఎక్కాడు. మూడోసారికి రమ్మంటే, "చాల్లే అమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు. మొత్తం తొమ్మిది ఆటలు. పోయినేడాది పొద్దుపోయేదాకా కొట్టుకుంటే అయింది ఐదు.

చిన్నత్తయ్యగారు మాత్రం ఇంకా మాట్లాడ్డం లేదు నాతో. "బెజవాడ కోడలికి మా ఇల్లు ఆనలేదు" అంటున్నారట.

ఇక అన్నయ్యగారు. నిన్న గుంటూరు నుంచి కొత్త షీటు పంపారు, "ఒకసారి చూసిపెట్టమ్మా" అని. తిరుపతి. అలిపిరి నడకదారి, 3,550 మెట్లు. మామయ్యగారి పేరుకెదురుగా, "రెండు గంటలు". బాత్‌రూముకి ఈసారి కూడా గడి లేదు.