చదరపు అడుగులు కాదు, మెగావాట్లు చూడాలి

డేటా సెంటర్ (సర్వర్లు, అంటే ఆన్‌లైన్ సేవలు నడిపే కంప్యూటర్లు ఉంచే భవనం) కంపెనీల్లో పెట్టుబడి గురించి వచ్చిన ఒక వ్యాసంలో, అది చెన్నై శివార్లలోని అంబత్తూరులోనో సిరుసేరిలోనో గిడ్డంగి కట్టి అద్దెకిచ్చినట్టేనని రాశారు. దయచేసి ఆ లెక్కతో డబ్బు పెట్టకండి. ఇక్కడ అమ్ముడుపోయేది ఆగని కరెంటు, చల్లదనం.

ముందు పీయూఈ (కరెంటు వాడకం సామర్థ్యాన్ని చెప్పే కొలత) ఎంతో అడగండి. మొత్తం కరెంటును సర్వర్లు వాడే కరెంటుతో భాగిస్తే వచ్చే అంకె అది. సర్వర్ల లోడు 10 మెగావాట్లు, పీయూఈ 1.5 అయితే, చిల్లర్లకీ (నీటిని చల్లబరిచే యంత్రాలు) ఫ్యాన్లకీ యూపీఎస్ నష్టాలకీ 5 మెగావాట్లు పోతాయి. ఏడాదికి 4.38 కోట్ల యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకున్నా 35 కోట్లు! ఈ బిల్లు అద్దెదారుడిదా, కంపెనీదా అన్నది ఒప్పందంలో చూడాలి. చెన్నై గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నీటిని ఆవిరి చేసి చల్లబరిచే పద్ధతి అంతగా పనిచేయదు, కంప్రెసర్లు తిరగాల్సిందే. బెంగళూరులో రాత్రి చల్లగాలి కలిసొస్తుంది గానీ నీటికి కటకట.

కరెంటు పోతే జనరేటర్లు అందుకునేదాకా, ఆ కాసేపూ బ్యాటరీలదే భారం. ఒకదానికొకటి కలిపిన బ్యాటరీల వరుసలో ఒక్క సెల్ పాడైనా ఆ వరుసంతా చేతులెత్తేసే ప్రమాదం ఉంది. జనరేటర్ వచ్చాక కూడా చిల్లర్ మళ్లీ పూర్తిగా అందుకోవడానికి నిమిషాలు పడుతుంది. ఈలోపు సర్వర్లు పేర్చిన ర్యాకులు కాగిపోకుండా చల్లనీటి నిల్వ ట్యాంకు ఉందా? 2015 వరదలు చూసిన చెన్నైలో జనరేటర్ల డీజిల్ పంపులు, కరెంటు ప్యానెళ్లు బేస్‌మెంట్‌లో పెట్టారా?

ప్రకటించిన మెగావాట్లు వేరు, సబ్‌స్టేషన్ నుంచి మంజూరైనవి వేరు, బిల్లు వసూలవుతున్నవి వేరు. వార్షిక నివేదికలో మూడూ విడివిడిగా చూపించని కంపెనీకి నేనైతే దూరంగా ఉంటాను.