పర్యావరణ ఆర్కిటెక్ట్ చదువు డబ్బున్నవాళ్ళ మోజు కాదు

చెన్నైలోని తెలుగు తల్లిదండ్రుల మధ్య ఒక సందేశం నెల రోజులుగా ఫోన్లలో తిరుగుతోంది. మా చెల్లెలు కూడా నాకు పంపింది. ఆమె కూతురు ఈ ఏడాదే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా రాసింది. సందేశంలో ఉన్నది ఇది: "పర్యావరణహిత నగర నిర్మాణం అంటూ పిల్లలను ఆర్కిటెక్చర్‌లో చేర్చకండి. అది డబ్బున్నవాళ్ళ మోజు, ఖర్చు రెట్టింపు. ఊరు కట్టేది ఇంజనీర్లు, ఆర్కిటెక్ట్ బొమ్మలు గీస్తాడంతే. ఏసీ ఉండగా ఆ తెలివితో పనేమిటి? ఐదేళ్ళు చదివినా జీతం రాదు, పని దొరకదు." ఎండ, గాలి, వాన చూసి ఇళ్ళకూ పేటలకూ రూపమిచ్చే ఈ పర్యావరణ ఆర్కిటెక్ట్ పనే ఈ ఊళ్ళో పద్దెనిమిదేళ్ళుగా నేను చేస్తున్నది. ఊరుకోలేకపోయాను.

ముందు ఖర్చు సంగతి. చెన్నైలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది, ఎండ పడమటి గోడను కాలుస్తుంది. దక్షిణపు ఎండను కిటికీ మీది సజ్జా ఆపుతుంది. పడమటి ఎండ వాలుగా వస్తుంది కనుక దానికి సజ్జా చాలదు. అందుకే మెట్లు, స్నానాల గదులు పడమటికి నెట్టి, పడకగదుల కిటికీలను గాలి వచ్చే వైపుకు తిప్పుతాం. ప్లాను మీద గీత మార్చడానికి సిమెంటు అక్కర్లేదు.

ఇల్లు కట్టేశాక పిలిచినా దారి ఉంటుంది. వెస్ట్ మాంబళంలో ఒక నెల్లూరి కుటుంబం మూడో అంతస్తులో, సరిగ్గా మేడ పైకప్పు కింద ఉంటోంది. కొడుకు ఒక్కడి జీతం మీద నడిచే ఇల్లు. ఏప్రిల్‌లో ఒక రాత్రి తొమ్మిదింటికి వెళితే ఇంటి పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని పడమటి గోడకు ఆనించింది. "చూడమ్మా, పొద్దుగూకి ఇంతసేపైనా పెనంలా ఉంది" అంది. ఇటుక, కాంక్రీటు పగలంతా వేడి పీల్చుకుని రాత్రి గదిలోకి వదులుతాయి. మేడ మీద తెల్లటి కూలింగ్ టైల్స్ వేయించి, ఆ గోడకు బయటివైపు జానెడు ఎడంగా వెదురు తడికలు కట్టించాం. వరండాలో పడుకుంటూ వచ్చిన పెద్దావిడ చాప మే నెలలో మళ్ళీ ఆ గదిలోకి చేరింది. డబ్బున్నవాళ్ళకు ఈ అవస్థే ఉండదు.

'ఊరు కట్టేది ఇంజనీర్లు' అన్న మాట నన్ను ఎక్కువ నొప్పించింది. మనవాళ్ళు పండగ బట్టలకు వెళ్ళే త్యాగరాయ నగర్‌నే తీసుకోండి. పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టుకున్న ఆ పేటను 1920లలో మాంబళం చెరువు ఎండగట్టి వేశారు. వెస్ట్ మాంబళంలో ఇప్పటికీ లేక్ వ్యూ రోడ్డు ఉంది, చెరువు లేదు. 2015 డిసెంబరు వానలకు ఆ చుట్టుపక్కల చాలా వీధులు మునిగాయి. నాలుగేళ్ళు తిరక్కుండా, 2019 వేసవిలో చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు ఎండిపోతే జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. మన శ్రీశైలం నుంచి కండలేరు మీదుగా కృష్ణా నీళ్ళు చేరేది ఆ పూండికే. వాననీటి కాలువ ఎంత వెడల్పు ఉండాలో ఇంజనీరు లెక్కకట్టాలి, ఆ విద్య పట్ల నాకు గౌరవం ఉంది. అయితే చెరువున్న చోట పేట వేయాలా, చెరువును ఉంచి చుట్టూ ఇళ్ళు వేయాలా, వాన ఏ వీధి గుండా ఏ గుంటకు చేరాలి అన్నవి అంతకు ముందే తేలాలి. నేను చదువుకున్నది అదే.

ఒక్క మేడ లెక్క చూడండి. చెన్నైలో ఏటా సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. 100 చదరపు మీటర్ల మేడ మీద పడేది 1,40,000 లీటర్లు. ఐదోవంతు వృథా అయినా 12,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది నిండుతాయి. తమిళనాడు 2003లోనే వాననీటి సేకరణను ప్రతి కట్టడానికీ తప్పనిసరి చేసింది. కానీ బంకమట్టిలో గుంట తవ్వి, దాంట్లో పోసిన కంకరను ఏళ్ళ తరబడి కడగకుండా వదిలేస్తే నీరు ఇంకదు. మట్టిని చూసి గుంట ఎక్కడో, ఎంత లోతో చెప్పేవాళ్ళు కావాలి.

ఏసీ వేడిని మాయం చేయదు, వీధిలోకి నెడుతుంది. సందు ఇరుకైతే ఎదురింటివాళ్ళ కిటికీలోకి నెడుతుంది.

జీతం మాటలో నిజం ఉంది. నా తొలి ఉద్యోగంలో నెలకు ఎనిమిది వేలు ఇచ్చి రాత్రి పదింటిదాకా బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. అది అన్యాయం, ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతోంది. 'పని దొరకదు' అన్నది మాత్రం నిజం కాదు. వాణిజ్య భవనాలకు 2007లో ఇంధన పొదుపు నియమావళి వచ్చింది. 2018లో ఇళ్ళకు అలాంటిదే ఎకో నివాస్ సంహిత వచ్చింది. ఇంధన పొదుపు చట్టానికి 2022లో చేసిన సవరణ పెద్ద నివాస సముదాయాలనూ ఆ చట్టం పరిధిలోకి తెచ్చింది. గోడలు, కిటికీల గుండా ఎంత వేడి లోపలికి వస్తుందో లెక్కగట్టి చూపేవాళ్ళు లేకుండా ఇవి అమలు కావు. చెన్నై కార్పొరేషన్ 2014లో నడకకూ సైకిళ్ళకూ ఒక విధానం తెచ్చింది, 2019లో పాండీ బజార్‌లో వెడల్పాటి నడకబాట వేసింది. పై చదువుకు దూరం పోనక్కర్లేదు, విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ)లోనే ఈ విషయంలో ఎం.ఆర్క్ ఉంది.

ఈ చదువు వద్దనడానికి నాకు తోచే కారణం ఒక్కటే: ఎండలో నిలబడి కొలతలు తీయడం పిల్లకు ఇష్టం లేకపోవడం. మా చెల్లెలి కూతురు గత ఆదివారం నా వెంట వచ్చి, ఒక పాత మేడ నాలుగు మూలలూ టేపుతో కొలిచి, వాలు ఎటుందో చూడటానికి చెంబెడు నీళ్ళు పోసి వాటి వెంటే గొట్టం దాకా నడిచింది.